చందా కడితేనే కథల పోటీకి అర్హత అట. కట్టమంటారా?

వేపపూత | జనవరి 6, రాత్రి 9:48

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడివన్నీ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మాది నరసరావుపేట. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. ఇప్పటికి నాలుగు కథలు రాశాను. ఒకటి ఆదివారం అనుబంధంలో వచ్చింది (పారితోషికం రాలేదు, అడగడానికి మొహమాటం). ఒకటి ఫేస్‌బుక్‌లో పెట్టాను. మిగతా రెండూ ఇంకా ఎవరికీ చూపించలేదు.

ఒక మాసపత్రిక ఉగాది కథల పోటీ ప్రకటించింది. మొదటి బహుమతి 10,000, రెండోది 7,000, మూడోది 5,000, వెయ్యి చొప్పున ఐదు ప్రోత్సాహక బహుమతులు. గడువు ఫిబ్రవరి 15. ఇంతవరకూ బాగానే ఉంది. అట్టడుగున చిన్న అక్షరాల్లో, "రచయితలు కనీసం సంవత్సర చందాదారులై ఉండాలి" అని ఉంది. ఏడాది చందా 1,200. మా ఆయన ప్రకటన చదివి, "మీ డబ్బులు మీకే పంచుతున్నారు, చీటీపాటలా ఉందే ఇది" అని నవ్వారు.

చందా కట్టినవాళ్ల కథలకి ఏమన్నా మొగ్గు ఉంటుందా? ఫేస్‌బుక్‌లో పెట్టిన కథ పంపొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కొబ్బరాకు | జనవరి 6, రాత్రి 10:05

మీవారు చెప్పిందే రైటండి. 1,200 పెడితే మా అమలాపురంలో ఏడాది పాటు ప్రతి ఆదివారం పూతరేకులు తినొచ్చు. కథ ఎక్కడికి పోతుంది, ఇంకో పత్రికకి పంపండి.

పాతసంచిక | జనవరి 7, ఉదయం 6:20

అమ్మాయ్, ఈ చందా, పోటీ రెండూ కలిపి చూడకు. విడదీసి చూడు.

నేను 1971 నుంచి ఏదో ఒక పత్రికకి చందా కడుతూనే ఉన్నాను. అప్పుడు ఎంవో (మనియార్డరు) ఫారం నింపి, కమిషన్ ఇచ్చి, అడుగున ఉండే కూపన్లో "చందా నిమిత్తం, ఫలానా నెల నుంచి" అని రాసేవాళ్లం. ఆ కూపన్ జాగాలోనే సంపాదకుడికి నాలుగు ముక్కల ఉత్తరం ఇరికించేవాణ్ని. చందమామ ఫోటో వ్యాఖ్యల పోటీకి పోస్టుకార్డుల మీద పోస్టుకార్డులు రాశాను. ఒక్కసారీ తగల్లేదు. అయినా నెల తిరిగేసరికి చందమామ రావాల్సిందే, లేకపోతే ఇంట్లో అన్నం సహించేది కాదు.

చందా అంటే పత్రిక ప్రాణం నిలబెట్టే డబ్బు. ప్రకటనలు రాని సాహిత్య పత్రికకి అదొక్కటే ఆదరువు. భారతి 1924లో మొదలై 1991 దాకా నడిచింది. విపుల, చతుర 1978లో పుట్టి 2021లో ఆగిపోయాయి. ఈనాడు అంత పెద్ద సంస్థ చేతిలో ఉన్నవే ఆగిపోతే, ఇంటి ముందుగదిలో ఇద్దరు మనుషులు నడిపే పత్రిక మాటేమిటి? కాబట్టి చందా అడిగారని ముక్కు చిట్లించకు. అలాగని చదవని పత్రికకి పోటీ కోసం చందా కట్టడం కూడా దండగే.

ఇంకో మాట. జీవిత చందా మాత్రం కట్టకు. 2009లో ఒక పత్రికకి కట్టాను. జీవితమంటే నాదనుకున్నాను. పత్రికదట. పధ్నాలుగు సంచికలు వచ్చాయి.

కొబ్బరాకు | జనవరి 7, ఉదయం 7:11

మాస్టారూ 😂 పోనీలెండి, మీ జీవితమే పెద్దదయింది.

మానేరు_మల్లన్న | జనవరి 7, ఉదయం 8:40

అక్కా, పైసలు కట్టే ముంగట ఒక పని చెయ్యుండ్రి. మీ ఊర్ల గ్రంథాలయం ఉంటది కద, ఆడికి పోయి ఆ పత్రిక మూడు నెలల సంచికలు చదువుండ్రి. నేను హైదరాబాద్‌ల నౌకరి చేసినప్పుడు ప్రతి ఐతారం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీల కూసుండేటోన్ని. గ్రూప్స్‌కు చదివే పోరగాళ్లతోని కుర్చీ దొరకకపోయేది గని, పత్రికల టేబుల్ కాడ మాత్రం జాగ ఉండేది. అండ్ల వచ్చే కథలు చదివితే మనకు ఎరుకైతది, మన కథ ఈ ఇంటిదా కాదా అని.

నేను పోయినేడు గట్ల చూడకనే ఒకదానికి పంపిన. మా కరీంనగర్ మాటల్ల రాసిన కథ. అచ్చయితే అయింది గని, అండ్ల ఉన్న "గట్ల", "గిట్ల" అన్నీ తీసేసి "అలా", "ఇలా" చేసిన్రు. మా బాపు చదివి "ఈ కథ ఎవలిదిరా" అని అడిగిండు.

ఎర్రసిరా | జనవరి 7, మధ్యాహ్నం 1:32

ఒక వారపత్రికలో పదకొండేళ్లు సబ్ ఎడిటర్‌గా చేశాను. పత్రిక పేరు వద్దు, ఇప్పుడు లేదు కూడా. పోటీ కథల వడపోత నా బల్ల మీదే జరిగేది కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

ఒక ఏడాది మాకు ఆరువందల పైచిలుకు కథలు వచ్చాయి. అన్నీ న్యాయనిర్ణేతలే చదువుతారనుకుంటారు అందరూ. వాళ్ల దగ్గరికి వెళ్లింది ముప్ఫై. మిగతావన్నీ మేం ముగ్గురం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, టీ తాగుతూ పక్కన పెట్టినవే. అందులో నూటికి ముప్ఫై కథ చదవకుండానే పోయేవి. కథ బాగోలేక కాదు, నిబంధన తప్పినందుకు. హామీపత్రం ఉండదు. పేరు రాయొద్దన్నచోట ప్రతి పేజీ అడుగునా ఫోన్ నంబరు ఉంటుంది. ఎనిమిది పేజీలు అంటే పద్నాలుగు పంపుతారు. లేదంటే అక్షరం చీమలంత చేసి ఎనిమిదిలో కుక్కుతారు. అదింకా కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే అప్పటికే మా అందరికీ కళ్లజోళ్లు.

తర్వాత ఫాంటు గొడవ. ఇప్పటికీ కొన్ని చోట్ల పేజీ పెట్టేది 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లలోనే. మీరు యూనికోడ్‌లో పంపితే వాళ్లు కన్వర్టర్‌లో వేస్తారు. అక్కడ ఒత్తులు ఎగిరిపోతాయి, "కర్త" కాస్తా ఇంకేదో అవుతుంది. అందుకే యూనికోడ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా జత చేయండి. ప్రూఫ్ చూసేవాడికి అసలు మాట ఏమిటో తెలుస్తుంది. ఫైలు పేరు "కథ ఫైనల్ 3" అని కాకుండా కథ పేరే పెట్టండి.

ఇక చదివాక పక్కన పడేవి. వృద్ధాశ్రమంలో తండ్రి, అమెరికాలో కొడుకు. చివరి పేరాలో కొడుక్కి జ్ఞానోదయం. అలాంటివి ఒక్క రోజు పదిహేడు చదివాను. ఉగాది పోటీ కదా అని కథలో ఉగాది పచ్చడి పెట్టి, ఆరు రుచులకీ ఆరు జీవిత సత్యాలు చెప్పేవి ఇంకో రకం. దయచేసి, ఉగాది పోటీకి ఉగాది కథ అక్కర్లేదు.

చందాదారుల కథలకి మొగ్గు ఉంటుందా అని అడిగారు. మా దగ్గర చందాల పుస్తకం సర్క్యులేషన్ వాళ్ల బీరువాలో ఉండేది, కథలు మా బల్ల మీద. మాకు ఎవరు చందాదారో తెలిసేదే కాదు. చందా షరతు పెట్టిన చోట మాత్రం ఒక గుమస్తా పేరు సరిచూసి టిక్కు పెడతాడు. అంతవరకే దాని పని. అది గేటు టిక్కెట్టు లాంటిది.

ఫేస్‌బుక్ కథ మాత్రం పంపకండి. బ్లాగు, ప్రతిలిపి, వాట్సాప్ గ్రూపు ఎక్కడ పెట్టినా అచ్చయినట్టే లెక్క. తీసేసి పంపుతామంటారు కొందరు. చదివినవాళ్ల బుర్రల్లోంచి తీయలేరుగా. ఫలితాలు వచ్చిన మర్నాడే ఒక ఉత్తరం వస్తుంది, "ఈ కథ నేను ఇదివరకే చదివాను" అని. ఆ ఉత్తరం రాయడానికే కొంతమంది పత్రికలు కొంటారని నా అనుమానం.

వేపపూత | జనవరి 7, రాత్రి 8:15

ఎర్రసిరా గారూ, చాలా థాంక్సండీ. వృద్ధాశ్రమం మాట చదివి గుండె ఝల్లుమంది, నా రెండు కథల్లో ఒకటి అదే. (కొడుకు అమెరికాలో కాదు, బెంగళూరులో.) పక్కన పెట్టేశాను.

హామీపత్రం ఎలా రాయాలో చెబుతారా?

ఎర్రసిరా | జనవరి 7, రాత్రి 8:50

బెంగళూరు 😄 కొంత నయమే.

పెద్ద గ్రాంథికం ఏమీ అక్కర్లేదు. వేరే కాగితం మీద తేదీ వేసి, "'ఫలానా' అనే ఈ కథ నా సొంత రచన. దేనికీ అనువాదం, అనుసరణ, అనుకరణ కాదు. ఇంతకుముందు అచ్చులో గానీ అంతర్జాలంలో గానీ ఎక్కడా ప్రచురణ కాలేదు. వేరే ఏ పత్రిక, పోటీ పరిశీలనలోనూ లేదు" అని రాసి సంతకం పెట్టండి. కింద పూర్తి పేరు, చిరునామా, ఫోను. కలంపేరుతో అచ్చు కావాలంటే ఆ ముక్క కూడా ఇక్కడే చెప్పాలి. బ్యాంకు ఖాతా వివరాలు వాళ్లు అడిగితే తప్ప ఇప్పుడే ఇవ్వకండి, బహుమతి వచ్చేసిందన్నంత నమ్మకం కనిపిస్తుంది.

ఈమధ్య కొన్ని ప్రకటనల్లో "కృత్రిమ మేధతో రాసినది కాదు" అన్న వాక్యం కూడా అడుగుతున్నారు. అడిగితే రాయండి.

రెండుపడవలు | జనవరి 7, రాత్రి 11:30

"వేరే ఏ పోటీ పరిశీలనలోనూ లేదు" అన్న వాక్యం దగ్గర ఆగాను. నా పేరు ఇక్కడ ఇలా ఎందుకు పెట్టుకున్నానో ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెబుతా.

ఎనిమిదేళ్ల కిందట ఒకే కథని రెండు పోటీలకి పంపాను. ఒకటి సంక్రాంతికి, ఒకటి ఉగాదికి. సంక్రాంతి ఫలితాల్లో నా పేరు లేదు. పోయిందిలే అనుకున్నాను. ఉగాదికి మూడో బహుమతి వచ్చింది. ఆఫీసులో జిలేబీలు పంచాను. ఆ తర్వాత వారం, సంక్రాంతి పోటీ పెట్టిన పత్రికవాళ్లు "సాధారణ ప్రచురణకు స్వీకరించిన కథ" కింద నాది అచ్చేశారు. నాకు కబురైనా లేదు. ప్రకటన అడుగున ఆ షరతు ఉందని తర్వాత చూసుకున్నాను: బహుమతి రాని కథల్లో బాగున్నవి మామూలుగా వేసుకుంటాం అని.

బహుమతి ఇచ్చిన సంపాదకుడు ఫోన్ చేశారు. తిట్టలేదు. "చెక్కు తిరిగి పంపించండి బాబూ" అన్నారంతే. పంపించాను. మరుసటి నెల పత్రికలో మూడు లైన్ల బాక్సు, నా పేరుతో. మా మావగారు ఆ పత్రిక చందాదారు.

కొబ్బరాకు | జనవరి 7, రాత్రి 11:42

మావగారి దగ్గర కథ మలుపు తిరిగింది చూడండి, మొదటి బహుమతి దీనికివ్వాలి.

రెండుపడవలు | జనవరి 7, రాత్రి 11:45

ఆ కథ రాసే ధైర్యం ఇంకా రాలేదన్నా.

డాలస్_దబ్బకాయ | జనవరి 8, ఉదయం 9:02

బయటి దేశాల నుంచి చందా కట్టాలనుకునేవాళ్లకి నా గోడు. విమానం టపా ఖర్చు పత్రిక ధర కంటే ఎక్కువ. ఇక్కడి కార్డు చాలామంది తీసుకోరు, క్యూఆర్ కోడు ఫోటో పంపి "దీనికి కొట్టండి" అంటారు. చివరికి తెనాలిలో మా అమ్మ చిరునామాకి కట్టించాను. అమ్మ ముందు తను చదివి, బాగున్న కథలు మాత్రమే ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతుంది. అంటే మా ఇంట్లోనూ ఒక వడపోత ఉందన్నమాట.

అంతర్జాల పత్రికల సంగతి కూడా చూడండి. ఈమాట 1998 నుంచీ నడుస్తోంది, కౌముది 2007 నుంచీ నెలనెలా వస్తోంది. రెంటికీ చందా లేదు. ఈమాటకి పంపితే సమీక్షకులు చదివి ఏం బాగుందో ఏం బాగోలేదో చెబుతారు, మార్చి పంపమంటారు. పారితోషికం ఉండదు, కానీ మొదట్లో నాకు ఆ చీవాట్లే పనికొచ్చాయి. పోటీల్లో ఓడితే ఎందుకు ఓడామో ఎవరూ చెప్పరు కదా. హ్యూస్టన్‌లోని వంగూరి ఫౌండేషన్ వాళ్లు ఏటా ఉగాదికి రచనల పోటీ పెడతారు, అది కూడా చూడండి.

ఉప్పుచేప | జనవరి 8, ఉదయం 11:20

నాకు అసలు ఈ పోటీల మీదే గురి లేదు. తెలుగులో "పోటీ కథ" అని ఒక జాతి తయారైంది. మొదటి పేరాలో ఏడుపు, మధ్యలో సమస్య, చివర్లో సందేశం, అన్నీ ఎనిమిది పేజీల్లో. జడ్జీ ఎవరో చూసి ఆయన ప్రాంతం, ఆయన వాదం చూసుకుని రాసేవాళ్లు నాకు తెలుసు. కథ దానంతట అది పుట్టాలి గానీ గడువు తేదీకి కాన్పు చేయిస్తే ఎలా?

పాతసంచిక | జనవరి 8, మధ్యాహ్నం 12:05

ఉప్పుచేప గారూ, మీ మాటలో సగం ఒప్పుకుంటాను. కానీ పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్నదే కదా. ఆ కథలో సందేశం ఎక్కడుందో వెతికి చూపించండి. రైలు పెట్టె, తుఫాను, ఒక పెద్దమనిషి, ఒక ముష్టి మనిషి, అంతే. పోటీకి వెళ్లినంత మాత్రాన కథ పాడవదు.

ఉప్పుచేప | జనవరి 8, మధ్యాహ్నం 12:31

డెబ్బై ఏళ్లుగా అదే ఉదాహరణ చెబుతున్నామంటే నా మాటే నెగ్గినట్టు మాస్టారూ.

పాతసంచిక | జనవరి 8, మధ్యాహ్నం 12:40

ఇది బాగుంది. మార్కు మీకే.

మానేరు_మల్లన్న | జనవరి 8, మధ్యాహ్నం 2:18

కాన్పు ముచ్చట సరే గని అన్నా, గడువు లేకపోతే నా కథలు కడుపులనే ఉంటయి. ఆఖరు తారీకు రేపు అంటే ఇయ్యాల రాత్రి కూసుంటా. గదొక్కటే నాకు పోటీతోని లాభం. బహుమతి ఇంతవరకు ఒక్కటి గూడ రాలే.

నల్లకోటు | జనవరి 8, రాత్రి 9:10

వకీలుని. కథలు రాయను, చదువుతాను. ఎవరూ ముట్టుకోని విషయం ఒకటుంది: హక్కులు.

చాలా ప్రకటనల్లో "బహుమతి పొందిన కథలపై సర్వహక్కులు పత్రికవే" అని ఉంటుంది. కాపీరైటు చట్టం, 1957 ప్రకారం మామూలుగా కథకి తొలి హక్కుదారు రాసినవారే. ఆ హక్కు వేరొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉండాలి. ప్రకటనలో వాళ్లు అచ్చేసుకున్న వాక్యం ఒక్కటే దానికి చాలదు. కానీ మీరు హామీపత్రంలో "నిబంధనలన్నిటికీ, హక్కుల బదిలీకీ అంగీకరిస్తున్నాను" అని సంతకం పెడితే సంగతి వేరు. అందుకే వాళ్లు పంపిన ఫారంలో సంతకం పెట్టేముందు ఆ లైను కోసం వెతకండి.

బదిలీ పత్రంలో ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అని చట్టం. ఏ ప్రాంతమో చెప్పకపోతే భారతదేశం వరకే. వీలైతే "తొలి ప్రచురణ హక్కు మాత్రమే" అని రాసివ్వండి. రేపు మీ కథల సంపుటి వేసుకోవాలన్నా, ఎవరైనా లఘుచిత్రం తీస్తామని వచ్చినా అది అక్కరకొస్తుంది.

ఇంకొకటి. "మీ కథ ఎంపికైంది, సంకలనంలో వేస్తున్నాం, పది కాపీలు కొనాలి" అని ఫోన్ వస్తే అది పోటీ కాదు, పుస్తకాల అమ్మకం. డబ్బు కడితే బిరుదు, శాలువా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఏడాదికి పన్నెండు సంచికలు చేతికొచ్చే చందాని ఆ కోవలో వేయకండి.

ఎర్రసిరా | జనవరి 8, రాత్రి 9:44

నల్లకోటు గారు చెప్పిన ఫారం సంగతి నూరుపాళ్లు నిజం. మేమే అలాంటి లైను పెట్టేవాళ్లం. ఎవరూ చదివేవారు కాదు.

వేపపూత | జనవరి 12, సాయంత్రం 6:30

నిన్న గ్రంథాలయానికి వెళ్లాను. పోటీ పెట్టిన పత్రికవి నాలుగు సంచికలు చదివాను. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఒక్క కథ కూడా నాకు పట్టలేదు. పక్కనే ఇంకో చిన్న మాసపత్రిక ఉంది, పేరు వినడమే కానీ ఎప్పుడూ చూడలేదు. అందులో ఒక కథ, బీడీలు చుట్టే ఆవిడ గురించి, నిలబడే చదివేశాను. లైబ్రేరియన్ లైట్లు తీసేస్తుంటే బయటికొచ్చాను.

దానికే చందా కట్టాను. ఏడాదికి 600. పోటీ ఏమీ లేదు దాన్లో. మా ఆయన "మరి బహుమతి?" అన్నారు.

మానేరు_మల్లన్న | జనవరి 12, సాయంత్రం 6:52

మస్తు పని చేసిన్రు అక్కా.

పాతసంచిక | జనవరి 12, రాత్రి 7:30

మంచిదమ్మా. చిరునామాలో పిన్‌కోడు సరిగ్గా రాయించు. 2022లో జిల్లాలు మారాక నరసరావుపేట పల్నాడు జిల్లా అయింది, కొందరి జాబితాల్లో ఇంకా గుంటూరనే ఉంటుంది. పిన్‌కోడు సరిగ్గా ఉంటే ఫరవాలేదు. పత్రికలకి తపాలా రాయితీ ఉంటుంది, అందుకని మామూలు టపాలోనే వస్తాయి. ఎక్కడ ఆగిందో కనుక్కునే దారి ఉండదు. పదిహేనో తారీకు దాటినా రాకపోతే ముందు పోస్ట్‌మ్యాన్ని అడుగు, తర్వాత పత్రికవాళ్లకి రాయి, ఇంకో ప్రతి పంపుతారు. పత్రికకి చుట్టిన రేపర్ మీద చందా నంబరు, ఏ నెలతో ముగుస్తుందో ఉంటాయి. అది దాచుకో.

ఎర్రసిరా | జనవరి 12, రాత్రి 8:02

అది సరే, మిగిలిన ఆ ఒక్క కథ సంగతేమిటి? వృద్ధాశ్రమం కానిది.

వేపపూత | ఫిబ్రవరి 9, రాత్రి 10:12

ఎర్రసిరా గారూ, చందా షరతు లేని ఇంకో ఉగాది పోటీకి పంపేశాను. ఏడు పేజీలు, పేరు ఎక్కడా లేదు, హామీపత్రం వేరే కాగితం మీద. ప్రకటనలో "రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి" అని ఉంది. పోస్టాఫీసులో అడిగితే, పోయిన సెప్టెంబరు నుంచి దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు కదమ్మా అని ఆ అబ్బాయి నవ్వాడు. స్పీడ్ పోస్టే చేశాను. హక్కుల లైను కోసం వెతికాను, ఉంది. "తొలి ప్రచురణ వరకు" అని చేత్తో రాసి సంతకం పెట్టాను. ఏమవుతుందో చూడాలి.

ఇంకోటి. చందా కట్టిన పత్రిక మొదటి సంచిక ఇవాళే వచ్చింది. రేపర్ మీద నా పేరుకి బదులు మా ఆయన పేరు ఉంది, డబ్బు ఆయన ఫోన్లోంచి వెళ్లింది కదా. ఆయనే ముందు విప్పి చదువుతూ కూర్చున్నారు. నాకింకా ఇవ్వలేదు.

పాతసంచిక | ఫిబ్రవరి 10, ఉదయం 5:55

రేపర్ పారేయనివ్వకమ్మా.